గంగరాజుగారు కూల్చిన ఎనిమిది విమానాలు

పెనుగొండకి నాలుగు మైళ్ళ అవతల, వాన కురిస్తే సెలవిచ్చే తాటాకు బడిలో చదువుకున్నవారు గంగరాజుగారు. ఆ బడి నుంచి ఎయిర్‌ఫోర్స్‌కి ఎంపికైన మొదటి మనిషి ఆయనే. ఆఖరి మనిషీ ఆయనే. ఇరవై రెండేళ్ళ సర్వీసు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన రెక్కలు తడిమి సరేనన్నాకే విమానాలు లేచేవి. ఆయన పంపిన విమానం రెక్క లోపంతో ఒక్కటంటే ఒక్కటి పడలేదు. ఓసారి వేలిగోరంత పగులు చూసి పెద్ద ఆఫీసరు ఎక్కబోయే విమానాన్నే ఆపేశారు. ఆ ఆఫీసరు ఇంగ్లీషులో తిట్టిన తిట్లు ఈయనకి సగమే అర్థమయ్యాయి. మర్నాడు అదే ఆఫీసరు భూతద్దంలో ఆ పగులు చూసి, అందరి ఎదుటా చెయ్యి కలిపాడు. ఈ సంగతి భార్య చిట్టెమ్మగారు వెయ్యిసార్లు విన్నారు. వెయ్యిసార్లూ మధ్యలో లేచి పొయ్యి మీద పాలు చూసొచ్చారు.

రిటైరై పాలకొల్లులో స్థిరపడ్డాక ఊరు ఆయన్ని అడిగింది ఒక్కటే.

"ఎన్ని కూల్చారండి?"

"నేను ఫిట్టర్నండి. విమానం సరిగ్గా ఉందో లేదో చూసి పైకి పంపేవాణ్ణి."

"ఓహో, అంతేనాండి."

ఆ 'అంతేనా'ని పదహారేళ్ళు మోశారాయన. తను చేసిన పని ఏమిటో ఈ ఊరికి ఒక్కసారి తెలిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేవారు.

రెండువేల నాలుగు ఆగస్టులో ఆ అవకాశం వచ్చినట్టే వచ్చింది. క్లబ్బు ప్రెసిడెంటు చంద్రరావు స్వాతంత్ర్య దినానికి ఆయనకి సన్మానం తలపెట్టాడు. ఆయన మీద ఓ వీడియో తీసి తెర మీద వేయాలన్నాడు. పని సత్యప్రసాద్‌కి అప్పజెప్పాడు. అతనిది పెళ్ళి వీడియోల మిక్సింగ్ షాపు. పెళ్ళికూతుర్ని తామరపువ్వులో కూర్చోబెట్టడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. విమానాలెక్కడివంటే, కంప్యూటర్‌లో యుద్ధవిమానాల ఆట ఒకటి ఉందిట. అది ఆడి, ఆడింది రికార్డు చేసి, ముక్కలు అతికిస్తాడు.

గంగరాజుగారు పదకొండు రోజులు ఆ షాపులో కూర్చున్నారు.

"బాబూ, విమానానికి దెబ్బ తగిలితే ఇంత మంట రాదు. అసలు ఎదుటి విమానం ఇంత దగ్గరికే రాదు. ఆవగింజంత కనపడుతుంది. చాలాసార్లు అదీ కనపడదు."

"ఆవగింజని చూపించడానికి అంత పెద్ద తెర ఎందుకు బాబాయ్‌గారూ?"

"పోనీ, ముందు నేల మీద జరిగేది చూపించు. రెక్క తడిమేది, చక్రాలు చూసేది."

"ఈ ఆటలో మెకానిక్ ఉండడండి."

"మరి విమానం పాడైతే?"

సత్యప్రసాద్ కీబోర్డు ఇటు తిప్పాడు. "ఇదిగో, ఇది నొక్కండి."

గంగరాజుగారు నొక్కారు. సగం విరిగిన రెక్క మళ్ళీ మొలిచింది. ఇంకోసారి విరగ్గొట్టించి, ఇంకోసారి నొక్కి చూశారు.

ఆయన ముఖం చూసి జాలేసిందో, విసుగొచ్చిందో, సత్యప్రసాద్ ఓ మాటిచ్చాడు. మొదటి అయిదు నిమిషాలూ ఆయన గొంతుతో ఆయన పని చెప్పిస్తానన్నాడు. మైకు ముందు కూర్చుని మూడు రోజులు చెప్పారు గంగరాజుగారు. ఏ బోల్టు ఎంత బిగించాలో, చలిలో రేకు ఎలా మాట్లాడుతుందో, పగుళ్ళని వేలిచివర ఎలా పసిగడుతుందో, అన్నీ.

కళ్యాణమండపం కిటకిటలాడింది. శాలువా కప్పారు. చిట్టెమ్మగారు ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. లైట్లు తీసేశారు. తెర మీద విమానం, దాని వెనక డప్పులు. గంగరాజుగారి గొంతు వినపడింది: "నేను సరేనంటేనే విమానం నేల వదిలేది." మూడు రోజుల మాటల్లో మిగిలింది ఆ ముక్క ఒక్కటే. విమానం లేచింది. పైలట్ హెల్మెట్‌లో గంగరాజుగారి పాస్‌పోర్టు సైజు ముఖం. ఒకటి పేలింది. రెండు పేలాయి. ఎనిమిది పేలేసరికి మండపం ఈలలతో అదిరిపోయింది. చిట్టెమ్మగారు కళ్ళొత్తుకుంటున్నారు. పెళ్ళయ్యాక ఆయన గురించి ఆవిడ ఆనందంతో ఏడవడం అదే మొదలు.

అది చూసి కూడా గంగరాజుగారు మైకు అందుకున్నారు.

"అయ్యా, ఇది అబద్ధమండి. నేనెవర్నీ కూల్చలేదు."

"చూశారా, వినయం!" అన్నాడు చంద్రరావు. చప్పట్లు.

"వినయం కాదండి. నేను పైలట్ సీట్లో కూర్చుంది దాన్ని తుడవడానికే. ఒక్కసారి కూడా విమానం నడపలేదు. నా పని రెక్కలు చూడటం. ఆ పనిలో..."

"అయితే క్లీనరా ఏంటి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఇక మండపాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆడవాళ్ళూ నవ్వారు. చంద్రరావు మైకు లాక్కుని, గొంతు తగ్గించి అన్నాడు: "శాలువా ఉంచుకోండి లెండి. కొనేశాం కదా."

చిట్టెమ్మగారు వేరే రిక్షాలో ఇంటికెళ్ళారు. ఆయన వచ్చేసరికి పట్టుచీర మడతపెడుతున్నారు.

"ఒక్క పూట నోరు మూసుకుంటే మీ సొమ్మేం పోయేదండి?"

ఆ మర్నాటి నుంచి ఆయన విమానం క్లీనరు. కూరగాయల కొట్లో, రైల్వే గేటు దగ్గర, అంతటా అదే పేరు. నెల పోయాక సత్యప్రసాద్ దగ్గరికెళ్ళి, కనీసం ఆ వీడియోలోంచి నన్ను తీసెయ్యి బాబూ అని అడిగారు.

"ఆయ్, ఎప్పుడో తీసేశానండి. మీ ముఖం ఉన్నచోట ఇప్పుడు పెళ్ళికొడుకులది పెడుతున్నాం. మంచి గిరాకీ బాబాయ్‌గారూ!"

మాఘమాసంలో ఊళ్ళో పల్లంరాజుగారి అమ్మాయి పెళ్ళి. సాయంత్రం విందు మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. ఎవరో గుర్తుచేస్తే మోటార్‌సైకిల్ పంపి గంగరాజుగారిని పిలిపించారు. వెళ్ళనక్కర్లేదు. కానీ ఆగిపోయిన ఇంజను ఉందని తెలిశాక ఇంట్లో కూర్చోగలిగే మనిషి కాదు.

వంగి, ఇంజను మీద అరచెయ్యి వేసి, డీజిలు గొట్టం వెంబడి వేళ్ళు జరుపుకుంటూ పోయారు. ఒకచోట ఆగాయి వేళ్ళు. సన్నటి చీలిక. గాలి పీలుస్తోంది. అక్కడికి గొట్టం కోసి, బిగించి, హ్యాండిల్ తిప్పమన్నారు. అది మొదటి తిప్పుడికే అందుకుంది.

పందిరంతా వెలిగింది. తెర మీద పెళ్ళికొడుకు విమానంలో లేచాడు. ఒకటి పేలింది, ఈలలు మొదలయ్యాయి.

పల్లంరాజుగారు హడావిడిగా వచ్చి, జనరేటరు మోతలో గట్టిగా అరిచారు:

"బాగుచేశావయ్యా! మళ్ళీ ఆగుతుందేమో, ఇక్కడే ఉండు. విస్తరి ఇక్కడికే పంపిస్తాను."