మామయ్య షెడ్డులో సిట్రోయెన్

మా మేనమామ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తాడు గానీ, ఇంటి వెనక షెడ్డులో ఉన్నది కారు కాదు తుక్కు అని ఆయనకి మాత్రం కనిపించదు. ఆ సిట్రోయెన్ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఆయనకి అంటగట్టి పోయిన ఫ్రెంచి కారు. ఇంజను లేదు. వెనక సీట్లో పిల్లి కాపురం. అప్పనంగా వచ్చింది గనక ప్రేమ ఎక్కువ.

అత్తయ్య బట్టలు కుడుతుంది. బడిపిల్లల యూనిఫారాల పని చేతికొచ్చింది. కొత్త మిషన్లు వేసుకోవాలంటే షెడ్డు కావాలి, లేకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది. కారు అమ్మేద్దామంటే మామయ్య సరేనన్నాడు. ఆయన దేనికైనా సరేనంటాడు. చెయ్యకుండా ఉండటానికి ఆయన పద్ధతే అది.

మొదట వచ్చినాయన బానెట్ ఎత్తబోతే, మామయ్య ముందున్న గుర్తు చూపించాడు.

"ఒకదానిమీద ఒకటి ఎక్కిన ఈ రెండు కోణాలు చూశారా? ఇవి పళ్ళచక్రం మీది పళ్ళు. కార్లకంటే ముందు ఆ కంపెనీ పెద్దాయన చేయించింది ఆ చక్రాలే."

"ఇంజనేదండీ?"

"అక్కడికే వస్తున్నా. ఈఫిల్ టవరు మీద దీపాలతో తన పేరు వెలిగించాడాయన..."

టవరు సగం ఎక్కేసరికి వచ్చినాయన చెప్పులేసుకున్నాడు. రెండో బేరగాడు ఆ కాస్సేపూ నిలబడలేదు. మామయ్య కావాలనే చేస్తున్నాడని అత్తయ్యకి తెలుసు. మూడో బేరం రోజున గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది.

"ఇవాళ నోరు విప్పారో, కుట్టేస్తాను. కాజా కూడా తియ్యను."

వచ్చినవాడు వీధి చివర పళ్ళరసం అమ్ముతాడు. "ఇంజనుతో నాకేం పని? కిటికీలోంచి గ్లాసులు అందిస్తే చాలు" అంటూ కారు చుట్టూ తిరిగాడు. తుప్పు గోకి చూశాడు. "కొత్త బండి చేయించుకోవడమే నయమేమోలెండి" అని గేటు దాకా వెళ్ళిపోయాడు. మామయ్య మొహం వెలిగింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే కారు దక్కేది.

"ఇంతకీ ఈ కారు పేరుకి అర్థమేంటి బాబాయ్?" అన్నాడతను, గేటు మీద చెయ్యేసి.

ఇన్నేళ్ళలో మామయ్యని ఆ మాట తనంతట తానుగా అడిగినవాడు లేడు. మామయ్య కారు వైపు చూశాడు, అత్తయ్య వైపు చూశాడు.

"నిమ్మకాయ" అన్నాడు.

"ఏంటీ?"

"వాళ్ళ పూర్వీకుడొకాయన హాలెండులో పళ్ళమ్మేవాడు. నిమ్మకాయలాయన అన్న అర్థమొచ్చే ఇంటిపేరు పెట్టుకున్నాడు. కొడుకు దాన్ని సిట్రోయెన్ అని మార్చాడు. అదీ వాళ్ళ భాషలో నిమ్మకాయే."

పళ్ళరసమాయన గేటు వదిలేసి వెనక్కొచ్చాడు. "పళ్ళమ్మేవాళ్ళ పేరా ఇది? ఇంతసేపూ చెప్పరేం?"

అత్తయ్య సూదులు నోట్లోంచి తీసింది. "చెప్పండి. ఆ టవరు సంగతి కూడా చెప్పండి" అంది, పెళ్ళయ్యాక మొదటిసారి.

సాయంత్రానికల్లా కారుని వీధి చివరికి తోసుకుంటూ తీసుకుపోయారు. వెనక పిల్లి, దాని వెనక మామయ్య.

షెడ్డులో ఇప్పుడు మిషన్లు ఆడుతున్నాయి. మామయ్య దుకాణం నుంచి తిన్నగా వీధి చివరి కారు దగ్గరికే పోయి, డ్రైవరు సీట్లో కూర్చుని, తాగడానికొచ్చిన ప్రతివాడికీ పళ్ళచక్రాల నుంచి మొదలుపెడతాడు. పళ్ళరసమాయన ఒకరోజు అత్తయ్య దగ్గరకొచ్చి మొరపెట్టుకున్నాడు.

"పిన్నిగారూ, నేను కారొక్కటే కొన్నాను."

అత్తయ్య మిషను ఆపలేదు. "అమ్మింది వెనక్కి తీసుకోం బాబూ" అంది.