గంజి పెట్టిన గాలం

వెదురును కళ్లతో కొనేవాడు మోసపోతాడు. నున్నగా, నిటారుగా ఉన్న గడను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటే ఏడాది తిరక్కముందే పురుగు పట్టి పిండి రాలుస్తుంది. వెదురును చెవితో, చేత్తో కొనాలి. కణుపులు దగ్గరదగ్గరగా ఉండాలి. మోకాలికి ఆనించి వంచితే వంగాలి, వదిలితే చటుక్కున తిరిగి రావాలి. నేలకేసి తడితే ఠంగుమనాలి. నేను తొర్రూరు దగ్గర చెరువు గట్టున అన్నదమ్ముల మధ్య పెరిగినదాన్ని. గాలపు కట్టె విషయంలో నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

పెళ్లయ్యాక వరంగల్ కొత్తవాడకు వచ్చాను. అక్కడ ఇంటింటా మగ్గమే. మా మామ జంపఖానాలు, తువ్వాళ్లు నేసేవాడు. వారమంతా మగ్గం, ఆదివారం చేపలు. రెండింట్లోనూ మొనగాడే. పంతొమ్మిది వందల ఎనభైల మొదట్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి తన కాళ్ల మీదే నడిచి ఇంటికొచ్చాడు కానీ, కుడిచెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. మగ్గం మీద నా భర్త కూర్చున్నాడు. ఎడమచెయ్యి అన్నంలో పెట్టే చెయ్యి కాదని మామ పట్టుదల. దాంతో అత్తే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. అంత మనిషి కళ్లు మూసుకుని నమిలేవాడు. నాకది చూడబుద్ధయ్యేది కాదు. చేపల మాటెత్తితే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "మామా, ఎడమచేతికి సరిపోయే గాలం కట్టె నేను జేస్త. చెరువుకు పోదాం."

"నువ్వు జేస్తవా?"

"జేసినంక సూడు."

కట్టెల అడితిలో గడలన్నీ ఒక్కొక్కటే తట్టి చూస్తుంటే అక్కడి ముసలాయన నవ్వాడు. "పిల్లను సూసేటందుకు పోయినోళ్లు గూడ గింత సూడరు బిడ్డా!" నవ్వనీ. ఆఖరికి సన్నగా, లోపల గుల్ల లేకుండా ఉన్న గడ దొరికింది. కొన్నాళ్లు నీళ్లలో నానేసి, నీడలో ఆరబెట్టాను. అలా చేస్తే పురుగు ముట్టదు. పట్టుకునేచోట జంపఖానా ముక్క చుట్టి, మోచేతికి తగిలించుకునేలా పట్టీ కుట్టాను. ఇక మిగిలింది కొస. సైకిల్ చక్రం పుల్లను ఉంగరంలా వంచి, దాని రెండు కాళ్లను కట్టెకు ఆనించి నూలుతో బిగించాలి. నైలాన్ దారం కట్టేది ఆ ఉంగరానికే. చేప బలమంతా దానిమీదే పడుతుంది.

నూలు తీయగానే మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆగు. నూలు సంగతి నాకిడువు. గంజి పెట్టకపోతె అది నూలేనా? నీళ్లల్ల దిగేదానికి ఇంకింత చిక్కగ పెట్టాలె."

ఆయన లేచి కూర్చోవడమే నాకు పండగ. ఆయన చెప్పినట్టే చిక్కటి గంజి పట్టించి చుట్టాను. ఆరాక తీగలా బిర్రుగా అయింది. ఇద్దరం దాన్ని గోటితో మీటి మురిసిపోయాం.

ఆదివారం రిక్షాలో బయల్దేరుతుంటే పక్కింటామె అరుగు మీంచి, "కోడలు మామను చేపలకు తోలుకపోతాంది, సూడుండ్రి!" అంది. అత్త ఊరుకునే రకమా? "నీ కోడలు నిన్ను ఏడికి తోలుకపోతాందో జర చెప్పరాదు?" అని నోరు మూయించింది.

కుంట గట్టున కూర్చున్నాం. చెయ్యి నొప్పి పుడుతుంటే మామ కట్టె కొసను నీళ్లలోకి వాల్చి పట్టుకున్నాడు. చాలాసేపటికి దారానికి కట్టిన బెండు బుడుంగున మునిగింది. కొర్రమట్ట! మామ బలంగా ఎత్తాడు. కొసనున్న ఉంగరం ఊడి, దారం, గాలం, చేప అన్నీ నీళ్లలోకే పోయాయి. మామ కట్టె వంక చూడలేదు, తన చేతి వంక చూసుకున్నాడు.

"ఈ చెయ్యి గుంజుడు గూడ మర్సిపోయింది బిడ్డా."

ఇల్లు చేరేదాకా ఆ చేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు.

ఇంటికొచ్చి కొస పట్టుకుని చూశాను. నూలు జిగటగా, వదులుగా, పులిసిన వాసనతో ఉంది. మగ్గమెక్కే నూలుకు గంజి కావాలి, నిజమే. బట్టను నీళ్లలో జాడిస్తే అదంతా పోతుందనీ మా ఇంట్లో అందరికీ తెలుసు. గాలపు కట్టె దగ్గర మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

"తప్పు నీ చేతిది గాదు మామా. నూలుది."

"నాకు ఉత్త ఓదార్పు మాటలు జెప్పకు. ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది."

"ఈసారి మద్దెలే ఓడు!"

నమ్మలేదు. నమ్మాలంటే తన గంజి తప్పని ఒప్పుకోవాలి మరి. నూలు విషయంలో తను తప్పానని ఆయన పుట్టి బుద్ధెరిగాక అనలేదు. నేనూ మొండిదాన్నే. రెండు వెదురు ముక్కలకు రెండు ఉంగరాలు కట్టాను. ఒకదానికి గంజి నూలు. రెండోదానికి ఉత్త నూలు, దానికి మైనం రుద్ది, పైన లక్క కరిగించి పూశాను. రెండింటినీ పొద్దంతా గంగాళంలో నానబెట్టి మంచం దగ్గరికి తెచ్చాను.

"గుంజు మామా."

గంజి కట్టు రెండు వేళ్లకే ఊడొచ్చింది. లక్క కట్టును పళ్లు బిగబట్టి గుంజాడు. అది కదల్లేదు. వెదురు ముక్క పట్టుకున్న నేను మంచం మీద బోర్లా పడ్డాను.

"మెల్లగ మామా! నన్ను సంపుతవా ఏంది!"

ఆయన నవ్వలేదు. జిగట నూలును వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుని, చివరికి అన్నాడు. "గంజి పెట్టొద్దుండె."

ఆ మాట ఎవరన్నారో చూద్దామని అత్త వంటింట్లోంచి బయటికొచ్చింది.

కొసను లక్కతో కట్టి మళ్లీ ఆదివారం వెళ్లాం. ఈసారి కొర్రమట్ట గట్టు మీద పడి ఎగిరింది. మామ దాన్ని తన ఒళ్లో పెట్టుకునే రిక్షా ఎక్కాడు. అత్త పులుసు పెట్టింది. అలవాటుగా ముద్ద కలిపి ఆయన నోటి దగ్గరికి తెచ్చింది. ఆయన ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు.

"ముండ్లుంటయి. నేనే తీస్కుంట."

కంచం తన ముందుకు జరుపుకుని ఆ చేత్తోనే తినడం మొదలుపెట్టాడు. కొర్రమట్టకు నడిముల్లు తప్ప వేరే ముళ్లుండవని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరమూ నోరెత్తలేదు.