నత్తి దొంగ మాటలు

బొమ్మల కథల పుస్తకాలు చేస్తానంటే బొమ్మలు కూడా నేనే గీస్తాననుకునేవాళ్లు. నాకు కుండ బొమ్మ కూడా సరిగ్గా రాదు. నేను రాసేవాణ్ణి, అంతే. పెద్ద పత్రికలేవీ నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. అందుకే ముప్పై రెండు పేజీల పుస్తకాలు నేనే రాసి, నేనే అచ్చు వేయించి, సంచిలో వేసుకొని తిరుపతి బస్టాండు, రేణిగుంట ప్లాట్‌ఫారం, కాణిపాకం అంగళ్లు తిరిగి అమ్మకానికి వేసేవాణ్ణి. డెబ్బైల చివరి మాట. బొమ్మలు నగరిలో ఒకాయన గీసి పోస్టులో పంపేవాడు. ఆయన అసలు పని మగ్గాలకు చీర అంచుల డిజైన్లు గీయడం. దాంతో నా కథల్లో అడవి దొంగలు కూడా మంచి జరీ అంచు పంచెలు కట్టుకొని తిరిగేవాళ్లు.

బొమ్మల్లో మనుషుల తలల పక్కన మాటల బుడగలు ఖాళీగా వచ్చేవి. నేను రాసిచ్చిన మాటల్ని తిరుపతిలో ఒక ప్రెస్సులో కంపోజిటరు పేర్చేవాడు. గళ్ల పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరస కట్టి, సిరా పూసి, నున్నటి కాగితం మీద ప్రూఫు తీసిచ్చేవాడు. ఆ ప్రూఫును కత్తెరతో ముక్కలు చేసి మైదా బంకతో బుడగల్లో అతికించడం నా పని. ఆ బొమ్మల అట్టలు మద్రాసు వెళ్లి లోహపు అచ్చు బ్లాకులై తిరిగొస్తే, అదే ప్రెస్సులో పుస్తకం అచ్చయ్యేది.

ఆ కంపోజిటరుకు నలభై దాటాయి. నత్తి. నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే దవడ బిగుసుకుపోయేది, కుడిచెయ్యి లేచి తొడ మీద టపటపా కొట్టుకునేది, అప్పుడు గానీ మాట ఊడిపడేది కాదు. నేను ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి. నా కథలకు మొదటి పాఠకుడు ఆయనే. రెండో పేజీలో చచ్చిన రాజు తొమ్మిదో పేజీలో గుర్రమెక్కితే పట్టుకున్నదీ ఆయనే. నవ్వొచ్చే చోట చేతిలో పని ఆపకుండా భుజాలు మాత్రం ఊపుకుంటూ నవ్వేవాడు. ఆ భుజాలు కదలకపోతే కథ బాగాలేదని నాకు తెలిసిపోయేది.

వరసగా రెండు పుస్తకాలు కట్టలు కట్టలుగా వెనక్కి వచ్చాయి. జనం నవ్వాలి, ఏం చేద్దామా అని బుర్ర గోక్కుంటుంటే, నవ్వు కళ్లెదుటే కనిపించింది. దొంగల ముఠాలో ఒక నత్తివాణ్ణి పెట్టాను. తొడ మీద చెయ్యి ఎలా కొట్టుకోవాలో నగరికి ఉత్తరంలో వివరంగా రాశాను. మాటల కాగితం తీసుకుపోయి అన్న చేతికే ఇచ్చాను. ఇంకొక ప్రెస్సుకు పోదామన్న ఆలోచన కూడా రాలేదు.

ఆయన చదివాడు. ఒకసారి నా ముఖం చూశాడు. తర్వాత పేర్చడం మొదలుపెట్టాడు. ఒక్క మాటకు అదే అక్షరం ఆరుసార్లు, ఏడుసార్లు కావాలి. గడిలో అక్షరాలు చాల్లేదు. కొంత పేర్చి, ప్రూఫు తీసి, మళ్లీ విప్పి, అవే అక్షరాలతో తర్వాతి మాటలు పేర్చాడు. తన నత్తిని తన వేళ్లతో రెండు రోజులు పేర్చాడు. నేను పక్కన నిలబడి, "ఏంన్నా, ఇంకా కాలేదా" అని విసుక్కున్నాను.

పుస్తకం పిచ్చిగా అమ్ముడుపోయింది. ఇంకొకటి వేశాను, ఇంకొకటి వేశాను. బస్సు కండక్టర్లు కూడా నత్తి దొంగ మాటలు అనేవాళ్లు. ప్రెస్సులో మెషిన్‌మేన్ అన్నను "ఏం దొంగా" అని పిలవడం మొదలుపెట్టాడు. అన్న టీ అంగడికి పోవడం మానేశాడు. టీ కావాలంటే నోరు తెరవాలి కదా.

ఒక రోజు ప్రూఫు ఇస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. అంతసేపు ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన మాటల్ని ఇక్కడ నత్తి లేకుండానే రాస్తున్నాను.

"వాణ్ణి సంపేయప్పా. కొండ మీంచి తోసేయ్, పులికి ఏసేయ్, నీ ఇష్టం. నా బిడ్డను బడిలో దొంగ కూతురా అంటా ఉండారంట. పోనని ఏడస్తా ఉండాది."

"వాడు నువ్వు కాదు కదన్నా" అన్నాను. అంత పచ్చి అబద్ధం నా కథల్లో కూడా లేదు. "సరే, వచ్చే పుస్తకంలో సూద్దాంలే" అని మాటిచ్చి, వచ్చే పుస్తకంలో దొంగకు ఇంకో నాలుగు పేజీలు పెంచాను.

ఆ పుస్తకం పనిలో ఉండగా నాకు కామెర్లు వచ్చాయి. చిత్తూరులో ఇంట్లో పడి పసరు తాగుతూ, లేచే ఓపిక లేక, మాటలు నువ్వే అతికించి మద్రాసుకు పంపమని అన్నకు చీటీ రాశాను. పంపాడు. అచ్చయిన పుస్తకాల కట్ట ఇంటికొచ్చాక విప్పి చూస్తే, నత్తి దొంగకు నత్తి లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వాడు మనందరిలాగే మాట్లాడుతున్నాడు. ఆయన ఒక్క మాట కొత్తగా చేర్చలేదు. నేను తిప్పి తిప్పి రాసిన అక్షరాలను ఒక్కొక్కటే ఉంచాడు, అంతే. పెద్ద పెద్ద బుడగల్లో చిన్న చిన్న మాటలు కూర్చున్నాయి, చుట్టూ తెల్లటి ఖాళీ.

అది చూసి నాకు బుద్ధి రావాల్సింది. ఒళ్లు మండింది. పచ్చటి కళ్లతోనే బస్సెక్కి ప్రెస్సు ఓనరు దగ్గరికి పోయి పుస్తకం బల్ల మీద విసిరికొట్టాను. ఓనరు అన్నను పిలిపించాడు.

"ఏమప్పా, ఆయన రాసింది ఒకటి, నువ్వు ఏసింది ఒకటి. ఇట్ల సేస్తే ప్రెస్సు మూసుకోవాల్సిందే. ఏమన్నా సెప్పుకునేది ఉంటే సెప్పు."

అన్న నోరు తెరిచాడు. మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కున్నాడు. దవడ బిగిసింది, మెడ నరాలు లేచాయి, చెయ్యి తొడ మీద కొట్టుకుంటోంది, మాట రావడంలేదు. వాకిట్లో నిలబడిన మెషిన్‌మేన్ మొదట నవ్వాడు. వాని వెనకున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆపుకోలేక కాదు, ఆపుకోవచ్చు. వదిలేయండి, తప్పు నాదే అని ఒక్క మాట అని ఉంటే ఆయన ఉద్యోగం నిలిచేది. నాకు నత్తి కూడా లేదు.

"రేపట్నించి నువ్వు రావాకు" అన్నాడు ఓనరు.

అన్న నోరు మూసుకున్నాడు. వేళ్ల సిరాను కిరసనాయిలు గుడ్డతో తుడుచుకొని, చొక్కా గుండీలు పెట్టుకొని వెళ్లిపోయాడు. చెప్పాలనుకున్నదేమిటో నేను అడగలేదు. కానీ ఆయన ఇరుక్కున్న ఆ అక్షరం, ఆ దవడ తిరిగిన తీరు నాకు పనికొస్తాయని అప్పుడే తోచింది. తిరుగు బస్సులో పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను. వచ్చే పుస్తకంలో నత్తి దొంగ నోట పెడితే, కొత్త కంపోజిటరు కొన్ని రోజుల్లోనే దాన్ని పేర్చిచ్చాడు. జనం పొట్ట పట్టుకొని నవ్వారు. నా పుస్తకాల్లో మూడుసార్లు అచ్చయింది అదొక్కటే.

తర్వాత అన్న కాణిపాకంలో గుడికి పోయే దోవలో కొబ్బరికాయల అంగడి పెట్టుకున్నాడు. కాయలు అమ్మడానికి పెద్దగా మాట్లాడే పని లేదు, వేళ్లు చూపిస్తే చాలు. బిడ్డ బడి మానేసి ఆయన పక్కనే కూర్చొని పూలు కట్టేది. నేను నెలకొకసారి ఆ దోవలో పోయి అంగడంగడికీ పుస్తకాలు వేసేవాణ్ణి. ఆయన అంగడి దగ్గర తల దించుకొని దాటుకునేవాణ్ణి, సిగ్గేసేది. దాటుకొని, పక్క అంగట్లో నత్తి దొంగ పుస్తకాలు పది తాడుకు వేలాడదీసి వచ్చేవాణ్ణి.