బోసి చేతులు

గాలివానకి మా వీధిలో కూలిన సరుగుడు చెట్ల కొమ్మల్ని మొన్న మునిసిపాలిటీ వాళ్లు ఒక మిషనులో వేసి ముక్కలు చేస్తుంటే, ఆ పచ్చి చెక్క వాసన, దాని వెనకే కాలిన నూనె కంపు, నేరుగా మా వంటింట్లోకి వచ్చాయి. స్టవ్ మీద పాలు పెట్టి, వాటిని వదిలేసి గేటుకీ వంటింటికీ మధ్య తిరగడం మొదలుపెట్టాను. మిషను చప్పుడు వింటే నేను కుదురుగా కూర్చోలేను. మిక్సీ తిరుగుతున్నా దాని పక్కన కాపలా ఉంటాను. మా ఇంట్లో అందరికీ అదొక నవ్వులాట.

మా చిన్నప్పుడు సూళ్లూరుపేట అవతల, పులికాట్ ఒడ్డున మాకు గుల్లసున్నం బట్టీ ఉండేది. నాయన పడవేసుకుని సరస్సులోకి పోయి గుల్ల తెచ్చేవాడు. అమ్మా, నాయనను కన్న మా అవ్వా ఒడ్డున బట్టీ పేర్చేవాళ్లు, గుల్ల ఒక వరస, సరుగుడు ముక్కలు ఒక వరస. వానలు వెనకబట్టి చలి మొదలయ్యేసరికి నీళ్లనిండా ఎర్రకాళ్ల కొంగలు దిగేవి, బట్టీ పక్క వెచ్చటి బూడిదలో తేగలు కాలేవి, నిన్నటి చేపల పులుసు ఇవాళ్టి సద్దన్నంలో ఇంకా రుచిగా ఉండేది, మేం పిల్లలం గుల్లలతోనే అచ్చనగాయలు ఆడి గోళ్లనిండా సున్నం చేసుకునేవాళ్లం.

గొడ్డలితో కొట్టే పని తగ్గుతుందని నాయన మద్రాసు నుంచి ఒక పాత మిషను తెచ్చాడు. కొమ్మని నోట్లో పెడితే లోపలి కత్తులు ముక్కలు చేసి అవతల పోసేవి. ఎవరి దగ్గరో ఊడిగం చేసి అరిగిపోయిన మిషను అది, నోటికి అడ్డంగా ఉండాల్సిన రేకు కూడా లేదు. పేటలో ఇంజన్లు బాగుచేసే మస్తాన్ మామ వచ్చి ఆయిల్ ఇంజనుకీ దానికీ బెల్టు తగిలించి, ఊరంతటికీ వినపడేలా అమ్మకి పాఠం చెప్పాడు.

"కొమ్మ మొదలు ముందు పెట్టాల అక్కా. కొస ముందు పెడితే రెమ్మలు చేతికి తగులుకుంటాయి. ఎదురుగా కాదు, పక్కన నిలబడు. చివరిముక్క కర్రతో తొయ్యి. ఇరుక్కుంటే బెల్టు తీసినాకనే చెయ్యి పెట్టేది. జడ ముడేసుకో, కొంగు బిగించు, ఆ గాజులు తీసెయ్."

"అన్నీ సరే," అంది అవ్వ. "నా బిడ్డ నీళ్ల మీద ఉంటే కోడలు గాజులు తీసేదా? నోరు కడుక్కో మస్తానూ!"

అమ్మ జడ ముడేసింది, కొంగు బిగించింది, గాజులతోనే పనిలో దిగింది. నాకు ఆటలు పోయాయి. గుల్ల పైకి ఎగరేసి అమ్మ చేతివంక చూసేదాన్ని, గుల్ల కిందపడేది. బడిలో కూర్చున్నా చెవులు బట్టీ దగ్గరే ఉండేవి. ఇంజను చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేదాన్ని, ఆగకపోయినా లేచేదాన్ని. అవ్వ మీద అప్పుడు వచ్చినంత కోపం నాకు మళ్లీ ఎవరి మీదా రాలేదు. నాయన ప్రాణం అమ్మ గాజుల్లో ఉంటే అమ్మ చెయ్యి ఎవరికీ పట్టదా? పైకి అడిగితే వీపు మోగుతుంది.

ఆయుధపూజకి మిషనుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బొరుగులూ బెల్లమూ పంచారు. ఆ ఒక్కరోజు అది నోరు మూసుకుంది, నేనూ కుదురుగా కూర్చుని తిన్నాను. మర్నాడే జరిగింది. చీలిన కొమ్మ ఒకటి లోపలికి పోతూ, దాని రెమ్మ అమ్మ గాజుల్లో చిక్కుకుంది. కొమ్మతోపాటు చెయ్యి కూడా పోతోంది. నేను కేక పెట్టాను. అవ్వ చేతిలో ఉన్న తోపుడు కర్రతో బెల్టుని కొట్టి పడేసింది. అంతలోనే గాజులు చిట్లాయి, చెయ్యి బయటికి వచ్చింది, మణికట్టంతా నెత్తురు. అమ్మ మాత్రం చెయ్యి చూసుకోలేదు. ముందు సరస్సు వైపు చూసింది, నాయన తెరచాప ఉందా అని.

అవ్వ అది చూసింది. అమ్మ మణికట్టుకి గుడ్డ చుట్టింది, మిగిలిన ఒకే ఒక గాజుని కళ్లకద్దుకుంది. తర్వాత చీర ఎగ్గట్టి తనే మిషను పక్కకి వెళ్లి నిలబడి, అమ్మతో అంది:

"నా చేతులకేముండాయి? మీ మామ పోయిననాడే అన్నీ తీసేసినారు. ఇన్నాళ్లకి ఒక పనికొచ్చినాయి, బోసి చేతులు."

ఆ మిషను పాతసామాన్లలోకి పోయేదాకా అవ్వే కొమ్మలు పెట్టింది. ఇంట్లో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నాకే మనసు నిలవలేదు. అమ్మ చేతికోసం భయపడినట్టు అవ్వ చేతులకోసం ఎవరూ భయపడకపోవడం నాకు నచ్చలేదు. నా భయం అమ్మ దగ్గర్నుంచి అవ్వ దగ్గరికి మారింది, అంతే.

ఇప్పుడు ఆ బట్టీ లేదు, గుల్లసున్నం కొట్టే గోడలూ లేవు, అవ్వా అమ్మా లేరు. మొన్న చూస్తే మునిసిపాలిటీ మిషనుకి కొమ్మలందిస్తున్న పడుచు చేతులనిండా గాజులు. మిషను ఆపమని డ్రైవర్ని కేకేసి, ఆ పిల్లని గాజులు తీసెయ్యమన్నాను.

"మా ఆయన లారీ మీద పోయుండాడమ్మా, ఎట్టా తీసేది?" అంది.

నేను నా గాజులు తీసి గోడ మీద పెట్టాను. వరండాలో పేపరు చదువుతున్న మా ఆయన్ని చూపించి, "చూడు, నిక్షేపంగా ఉండాడు. ఇంకాసేపట్లో కాఫీ కూడా అడుగుతాడు," అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. కాసేపు తటపటాయించి, ఒక్కొక్కటే తీసి నా గాజుల పక్కన పెట్టింది. లోపల పాలు పొంగి స్టవ్ పాలయ్యాయి. మిషను మళ్లీ మొదలై, పని ముగిసి ఆగేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు. గేటు మీద ఆనించిన నా చేతులకేసి చూసుకుంటే, అవి అచ్చం అవ్వ చేతులే.