తిరగేసి చూసే బావ

మా బావ రుక్‌నెత్తిన్‌కు ఒక్కటే జబ్బు. తివాచీ కనబడితే చాలు, తిరగేసి చూడాలి. అది ఎవరిది, దాని మీద ఎవరు కూర్చున్నారు అన్న విచారణ లేదు. మా కూలా ఊళ్ళో పాత తివాచీల వర్తకులంతా వెనకవైపు ముడులు చూసే వయసు చెబుతారు, కాదనను. కానీ వాళ్ళు అంగట్లో చూస్తారు. ఈయన శవం లేచిన ఇంట్లో కూడా చూస్తాడు.

మా అక్కను చూసుకోవడానికి వచ్చిన రోజున, అక్క కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంటే, పెళ్ళికొడుకు వంగి మా నాన్న కాళ్ళ కింది తివాచీ అంచు ఎత్తుతున్నాడు.

"పిల్ల ఇటుంది నాయనా," అన్నాడు నాన్న.

"వెనక చూసి వస్తానండీ."

ఆ మాట అక్క ఇప్పటికీ మరిచిపోలేదు, ఆయన్ని మరవనివ్వదు.

మసీదులోనూ అంతే. "రుక్‌నెత్తిన్, దేవుడు పైనుంటాడురా, తివాచీ కింద కాదు," అని ఇమాముగారు ఒకసారి విసుక్కున్నారు. "కింద కూడా చూస్తే పోయేదేముందండీ," అన్నాడు బావ, చాలా గంభీరంగా.

మొన్న శరదృతువులో ఇజ్మీర్‌లో ఒక వకీలు ఇంటికి వెళ్ళాం. పాతవి సేకరించే మనిషి. గోడకున్న తివాచీ అంచు తిప్పి చూసిన బావ అలాగే నిలబడిపోయాడు.

"అది అమ్మేది కాదు," అన్నాడు వకీలు.

"మా ఇంట్లో గోర్దెస్ ఊళ్ళో నేసిన పాత నమాజు తివాచీ ఉంది. అది తీసుకుని ఇదివ్వండి."

ఆ గోర్దెస్ బావకు ప్రాణం. మ్యూజియంవాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వలేదు. వకీలు తక్షణం ఒప్పుకున్నాడు.

"మతిగాని పోయిందా బావా? ఈ వెలిసిపోయినదాని కోసమా?" అన్నాను కారులో. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు ముందువైపే చూస్తున్నావురా," అంటూ వెనక చివరి వరస చూపించాడు. ఒక ముడి ఉన్నిది కాదు. మనిషి వెంట్రుకలు.

అప్పుడు చెప్పాడు. మా వీధి ఎల్మాస్ అవ్వ కూతురు సుల్తాన్ పెళ్ళికని ఇది నేసుకుని, తన వెంట్రుకలతో ఒక ముడి వేసుకుందట. పెళ్ళి కాకుండానే జ్వరంతో పోయింది. శవపేటిక మీద కప్పిన తివాచీ మసీదుకివ్వడం మా ఆచారం. తర్వాత మసీదులో మిల్లు తివాచీలు పరిచి, పాతవన్నీ ఎవరికో గుత్తగా అమ్మేశారు. "చచ్చేలోగా ఒక్కసారి దాన్ని తాకాలిరా," అని అవ్వ ఏడిస్తే వెతికి తెస్తానని మాటిచ్చాడు. అప్పటికి బావకు మీసాలైనా రాలేదు.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఊరంతా అవ్వనే అడుగుతారు, దొరికిందా దొరికిందా అని. పాపం, ఎన్నిసార్లు లేదంటుంది?"

అవ్వకు ఇప్పుడు చూపు లేదు. తివాచీ ఒళ్ళో పెడితే ముందువైపు తడమనే లేదు, నేరుగా తిరగేసింది. వేళ్ళు చివరి వరస వెంట పోయి ఒకచోట ఆగాయి.

తర్వాత పక్క ముడిని గోటితో గీకింది. "ఇదుగో, ఇక్కడ వదులుగా వేసింది. బిగించవే అని చెబుతూనే ఉన్నా. చెబితే వింటేగా," అని నవ్వింది.

బావ పక్కనే చతికిలబడి ఆ ముడిని పరీక్షగా చూశాడు.

"నిజమే అవ్వా, కాస్త వదులే," అన్నాడు.