జీవరత్నమ్మ పొయ్యి

వజ్రపుకొత్తూరులో జీవరత్నమ్మకు కోపం వస్తే నోరు లేవదు, గిన్నెలు మోగుతాయి. చెంగు బొడ్డులో దోపుకుని పొయ్యి ముందు నిలబడితే, మట్టిదాకలో చేపల పులుసు చిక్కబడేవరకు పక్కకు కదలదు. సిలిండరు ఆలస్యమవుతోందని భర్త వరప్రసాదు, మరిది డేనియల్ టెక్కలి వెళ్లి, ఆమెనొక్క మాట అడక్కుండా, గ్యాసు పొయ్యిని మార్పిడికిచ్చి ఇండక్షన్ స్టౌ తెచ్చారు. దాని మీద దాక వేడెక్కలేదు. అల్యూమినియం గిన్నె పెడితే కీచుమని అరిచి ఆగిపోయింది.

“దీనికి వేరే గిన్నెలుండాలంట. కొనేద్దాంలే,” అన్నాడు వరప్రసాదు.

ఈసారి ఆమె నోరే లేచింది. “వంట సేసేది నేను. పొయ్యి ఏరింది మీరిద్దరూనా? నన్నడగాలని ఒక్కడికీ తోచనేదేటి?”

స్టౌను పెట్టెలో పెట్టి, చంకనెత్తుకుని టెక్కలి బస్సెక్కింది. వరప్రసాదు వెనకాలే ఎక్కాడు. దారంతా ఆమె అతనివైపు చూడలేదు.

దుకాణదారు పెట్టె చూసి, ఆమెను దాటి వరప్రసాదుతో, “ఏటి సార్, నచ్చనేదా?” అన్నాడు.

జీవరత్నమ్మ పెట్టెను బల్ల మీద దబ్బున పెట్టింది. “ఆయనకి అన్నం వార్చడం కూడా రాదు బాబూ. ఇటు సూసి మాటాడు.”

గ్యాసు పొయ్యిలు ఒక్కొక్కటే దింపించి, మీటలు తిప్పి చూసింది. వరప్రసాదు ఒకదానివైపు వేలు చూపబోయాడు.

“నువ్వు బయట నిల్సో,” అంది.

అతను వెళ్లి మెట్ల మీద నిలబడ్డాడు.