కత్తెరమ్మ రాసిన లెక్కల పరీక్ష

బడి యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆవిడను అందరూ కత్తెరమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా బట్ట కోయడమే పని. ఆవిడ గీసిన సుద్దగీత మీద మేస్త్రీ కూడా మళ్లీ టేపు పెట్టేవాడు కాదు.

యాభై రెండో ఏట, శిక్షణ కేంద్రంలో కటింగు నేర్పే ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసింది. పదో తరగతి పాసై ఉండాలట. చిన్నప్పుడు లెక్కల్లో రెండుసార్లు తప్పి, చదువును అటకెక్కించిన మనిషి. ఇప్పుడు ఆ ఒక్క పరీక్ష రాస్తే చాలన్నారు. ఆ సాయంత్రమే ఫీజు కట్టేసి, ఇంట్లో ట్యూషన్లు చెప్పే కోడలి ముందు కూర్చుంది.

మొదటి వారం పగలే చుక్కలు కనిపించాయి. నాలుగింట మూడును ఎనిమిదింట ఒకటితో భాగించాలంటే తలకిందులు చేసి గుణించడం ఎందుకో మింగుడుపడలేదు. కోడలు పుస్తకం మూసేసింది.

"అత్తయ్యా, ముప్పావు మీటరు గుడ్డ ఉంది. ఒక్కో కాలరుకి అరపావు కావాలి. ఎన్నొస్తాయి?"

"ఆరు. ఇదీ ఒక లెక్కేనా?"

"ఇదే ఆ లెక్క."

అత్త పుస్తకం తెరిచి, ఆ పేజీలోవన్నీ వరసగా తనే చేసేసింది.

రెండు బిందువుల మధ్య దూరానికి వచ్చేసరికి బెరుకు పోయింది. పక్కకు మూడు, పైకి నాలుగు జరిగితే ఏటవాలు దూరం ఐదు. నిక్కరు జేబులు కోసీ కోసీ ఆ ఐదు ఆవిడ చేతికి ఎప్పుడో తెలుసు. ఇంత చిన్న సంగతికి ఇంత పొడుగు సూత్రమా అని నవ్వింది.

గ్రాఫు దగ్గర మాత్రం అత్తాకోడళ్లకు చెడింది. ఎక్స్ వర్గం గ్రాఫును ఆవిడ చొక్కా మెడ గీసినట్టు ఒక్క ఊపులో గీసేది. ముందు విలువల పట్టిక రాసి, బిందువులు గుర్తించి, అప్పుడు కలపాలని కోడలు పోరేది. గీత సరిగ్గా ఉంటే మిగతావన్నీ ఎందుకని ఆవిడ వాదన.

పరీక్షలో వందకు డెబ్బై ఒకటి వచ్చాయి. గ్రాఫుకు మాత్రం ఎనిమిదిలో మూడే. జవాబుపత్రం నకలు తెప్పించి చూస్తే గీత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. పట్టిక రాయలేదని కోసేశారు.

"నేను చెబుతూనే ఉన్నాను" అంది కోడలు.

"చెప్పావులే. గీత బాగుందని కూడా ఒక్కసారి చెప్పు."

కోడలు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, బాగుందని ఒప్పుకుంది.

ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు తరగతిలో పద్దెనిమిది మంది ఆడవాళ్లు, రిటైరైన ఒక బస్సు డ్రైవరు. తనకు లెక్కలు రావని అతను ముందే చెప్పుకున్నాడు. కత్తెరమ్మ టేపు చేతికిచ్చి, అతని నడుం అతన్నే కొలుచుకోమంది. అందులో నాలుగో వంతు ఎంతో చెప్పేదాకా బల్ల దగ్గరికి రానివ్వలేదు. పది నిమిషాలు పట్టింది గానీ, సరిగ్గానే చెప్పాడు.